వాకిట్లో దగ్గు

కల్లూరు
14 ఏప్రిల్ 2024

నాయనా పరమేషా,

నీ బిడ్డ నవ్విందిరా! నన్ను చూసే నవ్వింది! ఉత్త పెదాలు కదిలించడం కాదు, గొంతు విప్పి కిలకిలమని నవ్వింది. నా చెవులకే వినపడిందంటే ఎంత గట్టిగా నవ్విందో నువ్వే తెలుసుకో.

ఇది ఫోన్లోనే చెప్తామని కోడలు భువన చేత నంబరు కలిపించినా. నువ్వు ఏందో మాట్లాడినావు, నాకు గాలి తోలినట్టు వినపడింది గానీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. నేను అరిస్తే పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకునింది. మీ అత్త సుబ్బరత్నమ్మ ఏమయ్యిందో అని గరిటె పట్టుకోని పరిగెత్తుకొచ్చింది. అందుకే ఈ జాబు. నాది అయిదో క్లాసు చదువు, తప్పులుంటే సర్దుకో. కాగితం మీద మాట అయితే నాకు బాగా వినపడతాది.

మీ మామ నారాయణ చెవి డాక్టరుకు చూపిస్తానంటే మన ఊరి నుంచి ఈడికి, కోడలి పుట్టింటికి వచ్చినా. డాక్టరు చెవిలో పెట్టుకోను మిషన్ ఇచ్చినాడు. పెట్టుకుంటే అది రైలు మాదిరి కూత పెడతాది. తీసి జేబులో వేసుకున్నా. ఇంక రెండు నాళ్లలో ఊరికి పోవాల, కానీ కాళ్లు కదలడం లేదు. పొద్దున లేస్తూనే పాప యాడ అని అడుగుతా. భుజం మీద టవాలు మడిచి తల కింద పెట్టి ఒళ్లో పండబెట్టుకుంటా. ఈ వయసులో నాకిది ఏం పిచ్చో! జేజినాయన ఎత్తుకుంటే ఎవరూ ఏమనరు. తండ్రి ఎత్తుకుంటేనే పెద్దల ముందర తప్పు.

ఆ తప్పు నువ్వు చెయ్యలేదు. పేరు పెట్టిన నాడు మీ మామ పాపను ఉయ్యాల్లో నుంచి తీసి నీకు ఇయ్యబోతే, నువ్వు నా పక్క చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నావే, అప్పుడు నా కడుపు నిండిపోయింది. మా అన్న ఓబుళేశు నా తొడ మీద చరిచి, "శేషా, నీ కొడుకు మగపుటక పుట్టినాడ్రా. ఈ కాలం పిల్లోళ్లు పెద్దోళ్ల ముందరే బిడ్డల ముడ్లు కడుగుతాండారు, సిగ్గు లేకుండా" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను మీసం సవరించుకున్నా. ఆ మాట మన ఊర్లో ఎంతమందికి చెప్పినానో లెక్క లేదు.

పాపకు నవ్వితే ఎడమ పక్క దవడన సొట్ట పడతాది. అది రాయడం మరిచేపోతాండా.

సంతోషం పట్టలేక,
మీ నాయన శేషన్న

*

మైదుకూరు
23 ఏప్రిల్ 2024

నాయనకు పరమేష్ నమస్కరించి రాసేది.

జాబు అందింది. ఈడ ఎండలు దంచుతాండాయి. బోర్లలో నీళ్లు లేక మోటార్లు కాలిపోతాండాయి. షాపులో అడుగు పెట్టను చోటు లేదు. కాలిన మోటార్లకు రాగితీగ చుట్టీ చుట్టీ వేళ్లు కోసుకుపోయినాయి.

పాప నవ్వేటప్పుడు కండ్లు మూస్తాదా, తెరిచే ఉంచుతాదా? సొట్ట ఒక పక్కేనా? ఎత్తుకుంటే చొక్కా పట్టుకుంటాదా, చేతులు వదిలేస్తాదా? ఎంత బరువు ఉండాది? గ్రాములు వద్దు, మన ఇంట్లో ఏ వస్తువంత ఉంటాదో రాయి. నిద్రపోయే ముందు ఎట్ల చేస్తాది? కుదిరితే రాయి. కుదరకపోయినా ఏం లేదు.

భువన ఫోన్లో సరిగా మాట్లాడడం లేదు. "పాప బాగుంది" అని పెట్టేస్తాంది. పేరు పెట్టిన నాటి నుంచి అట్లే ఉండాది. ఎందుకో నాకు తెలుసు గానీ అది నీకు రాసే సంగతి కాదు.

పెద్దనాయనకు నా నమస్కారాలు చెప్పు. అమ్మ మోకాళ్లకు నూనె పంపిస్తాండా.

పరమేష్

*

మన ఊరు, పత్తికొండ తాలూకా
4 మే 2024

నాయనా పరమేషా,

నీ జాబు మీ అమ్మ మహాదేవమ్మకు చదివి వినిపించినా. నీ ప్రశ్నలు వింటా వింటా ఆమె కొంగుతో కండ్లు తుడుచుకునింది. ఏమంటే పొగ అనింది. గ్యాసు పొయ్యికి పొగ యాడ నుంచి వచ్చిందబ్బా!

అయినా ఏంది ఇన్ని ప్రశ్నలు? కండ్లు మూస్తాదా, తెరుస్తాదా! ఆడోళ్లు ఆరా తీసినట్టు ఉండాది. బసవరాజు టీ అంగట్లో చదివితే అందరూ పడీ పడీ నవ్వినారు. సరే, అడిగినావు గాబట్టి రాస్తా. నవ్వేటప్పుడు కండ్లు సగం మూస్తాది. చొక్కా కాదు, గుండీ పట్టుకుంటాది, పట్టుకుంటే వదలదు. బరువంటావా, మీ అమ్మ చంకన సగం బిందె నీళ్లు పెట్టుకున్నంత. నిద్రొచ్చే ముందు చెవి గీరుకుంటాది. చాలా?

ఇంక భువన సంగతి. నువ్వు రాయకపోయినా నాకు తెలిసిపోయిందిలే. తల్లిగారింట్లో సుఖం మరిగింది. కొత్త ఇల్లు, వాకిట్లోకే ఆటోలు, అమ్మ చేతి అన్నం. నువ్వు మెత్తబడొద్దు. మెత్తనోణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు. నారాయణకు నేనే జాబు పెట్టినా, అయిదో నెలలో బిడ్డనూ తల్లినీ పంపించాలని, మా ఇంటి మగోళ్లు బతిమాలరని. ఎట్ల రాసినా! మైదుకూరికి వాళ్లతో పాటు నేనూ వస్తా. కొన్ని నాళ్లు ఉంటా. పాప లేక నాకు పొద్దు పోవడం లేదు.

ఊర్లో ఎలక్షను మైకులు మోగుతాండాయి. అందరూ తలకాయ నొప్పి అంటాండారు. నా చెవుడే నాకు వరం.

మీ నాయన

*

మన ఊరు
11 జులై 2024

పరమేషా,

మైదుకూరులో మీ ఇంటి నుంచి ఊరు చేరినా. పాప నుదుటి మీద బొప్పి తగ్గిందా లేదా, ముందు అది రాయి. డాక్టరు భయం లేదన్నాడు గానీ నా కండ్ల ముందర అదే కనపడతాండాది, రేగుపండంత.

బోర్లపడి దొర్లే బిడ్డను మంచం అంచున పెట్టి, మిద్దె మీద గుడ్డలు ఆరెయ్యను పోయే తల్లి ఉంటాదా? నేను నాలుగు మాటలు ఎక్కువే అన్నా. మేడ మీదోళ్లు, కింద బాడుగకు ఉండేటోళ్లు అందరూ మెట్ల మీదికి వచ్చినారు. భువన బిడ్డను భుజాన వేసుకోని నీ మొహమే చూస్తా నిలబడింది. తప్పు చేసింది గాబట్టి నోరు లేవలేదు. మరుసటి పొద్దున కల్లూరు బస్సు ఎక్కింది. పోనీలే. తెలిసొస్తాది.

నువ్వు మటుకు గట్టిగా నిలబడినావు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది, కానీ కంట్లో నీళ్లు రానియ్యలేదు. మగోడనేటోడు అట్లుండాల. అందరూ ఏడిస్తే బిడ్డను ఆస్పత్రికి ఎత్తుకుపోయేదెవరు?

ఈ సంగతి అందరికీ చెప్పినా. ఆదోనిలో మీ మేనత్త శివలీల "కోడలికి భయం చెప్పాల్సిందే" అనింది. రాయచోటి నుంచి మీ మేనమామ ఈరప్ప మన ఊరి తిరణాలకు వచ్చింటే ఆయనకూ చెప్పినా. బసవరాజు అంగట్లో అయితే రోజూ అదే మాట. నారాయణకు కూడా రాసినా, నీ కూతురికి బిడ్డను సాకడం నేర్పించి పంపు అని.

మీ నాయన శేషన్న

*

మైదుకూరు
20 జులై 2024

నాయనా,

ఈ జాబు అమ్మకు వినిపించొద్దు. ముందు నువ్వు ఒక్కడివే చదువు.

బొప్పి తగ్గిందంట. అత్త చెప్పింది. భువన మాట్లాడడం లేదు.

ఆ పొద్దు పాపను మంచం మీద పెట్టింది భువన కాదు. నేను.

మైదుకూరులో ఉన్నన్ని నాళ్లు నువ్వు టీకి పోయేవాడివి గదా. నువ్వు సందు మలుపు తిరగ్గానే నేను సబ్బుతో చేతులు కడుక్కోని, మోటార్లకు పూసే వార్నీషు వాసన పోయిందా లేదా చూసుకోని, పాపను ఎత్తుకునేవాణ్ని. "దొంగబెల్లం తిన్నట్టు ఎత్తుకుంటావేంది" అని భువన నవ్వేది. తిరిగొచ్చేటప్పుడు నువ్వు వాకిట్లో దగ్గుతావు. పెద్దోళ్లు వస్తాండారు, సర్దుకోండి అన్నట్టు. ఆ దగ్గు వినపడగానే దించేసేవాణ్ని. పాప గుండీ పట్టుకోని ఉంటాది, నువ్వు రాసినట్టే, వదలదు. వేళ్లు ఒక్కొక్కటే విడిపించాల.

ఆ పొద్దు భువన పాపను నాకిచ్చి మిద్దె మీదికి పోయింది. పాప చెవి గీరుకుంటాంటే నేను భుజాన వేసుకోని పాడుతాండా. పాట అంటే పాట కాదు, చిన్నప్పుడు అమ్మ పాడేది, మాటలు గుర్తు లేవు, రాగమే. నువ్వు రోజూ కన్నా ముందు వచ్చేసినావు. దగ్గు వినపడింది. మంచం అంచున పెట్టేసి, అవతల గోడ కాడికి పోయి క్యాలెండరు చూస్తా నిలబడినా. దిండు అడ్డం పెట్టాలనే బుద్ధి కూడా లేకపోయింది. నువ్వు చెప్పులు విడిచేలోగా పాప పడింది.

నువ్వు భువనను తిడతాంటే, "నేనే నాయనా" అనే ఒక్క మాట చాలు. అనలేదు. బిడ్డ పడిన బాధ కన్నా, బిడ్డను ఎత్తుకోని పాడుతాండానని నీకు తెలుస్తాదనే సిగ్గు పెద్దదైపోయింది. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట నేను ఎవరికీ రాయలేను. నువ్వు గట్టిగా నిలబడినావు అని రాసినావు. నిలబడింది గట్టితనం కాదు నాయనా.

పేరు పెట్టిన నాడు చేతులు వెనక్కి పెట్టుకునింది గౌరవంతో కూడా కాదు. ముందుకు చాపితే వణుకుతాయని. నువ్వు మెచ్చుకున్నావు, నేను ఆ మెప్పు తీసుకున్నా. ఆ నాడే భువన అడిగింది, ఆడబిడ్డ అని ఎత్తుకోలేదా అని. కాదంటే నమ్మలేదు. నేను సరిగా చెప్పనూ లేదు.

బస్సు ఎక్కే ముందు ఒకటే మాట అనింది. "మీ నాయనకు నిజం చెప్పిన నాడు రా. అంతవరకు నా బిడ్డ మొహం చూడొద్దు. ఎవరో దగ్గితే దించేసే చేతులు నా బిడ్డకు వద్దు."

ఇప్పుడు చెప్పినా. షాపులో మోటార్లు ఆరబెట్టే పొయ్యి ముందర కూర్చోని ఇది రాస్తాండా. ఈడ కండ్లు మండుతాండాయంటే ఎవరైనా నమ్ముతారు.

పరమేష్

*

మన ఊరు
2 ఆగస్టు 2024

పరమేషా,

వాన పడింది. శెనక్కాయ చేను పచ్చబడింది. ఎగువ మడికి ఇంకో తడి అందితే...

ఇంతవరకు రాసి పెన్ను పక్కన పెట్టినా. నీ జాబు వచ్చి శానా నాళ్లయింది. కొడుకు ఏం రాసినాడు అని మీ అమ్మ అడిగితే, మోటార్లు కాలిపోతాండాయంట అని చెప్పినా. ఆమె నా మొహం చూసి చెంబు తీసుకోని లోపలికి పోయింది.

కోపం రాలేదని అబద్ధం రాయను. ముందు నీ మీదనే వచ్చింది. ఆడదాని మాదిరి పాటలేంది, దొంగ మాదిరి క్యాలెండరు చూడ్డమేంది అని. జాబు జేబులో పెట్టుకోని టీ అంగడికి పోయినా. "ఏం శేషన్నా, కోడలు దారికొచ్చిందా?" అని బసవరాజు అడిగినాడు. టీ తాగకుండానే లేచి వచ్చేసినా.

మన వాకిట్లోకి వచ్చి ఎప్పుడూ దగ్గినట్టే దగ్గినా. ఆ పొద్దు మటుకు తల వంచుకోని పోకుండా లోపలికి చూసినా. మీ అమ్మ కాళ్లు చాపుకోని బియ్యం ఏరుతాండాది. పెదాలు కదులుతాండాయి, ఏదో పాడుకుంటాండాది. నా దగ్గుకు పెదాలు ఆగిపోయినాయి. ఆ నొప్పి మోకాళ్లు చటుక్కున ముడుచుకునింది. కొంగు భుజం మీదికి లాక్కునింది. అంతా రెప్పపాటులో. నేను లోపలికి పోయేటప్పటికి బియ్యం తప్ప ఏమీ లేదు.

నా దగ్గు ఎంత పెద్దదో నాకు తెలియదప్పా. నాకు వినపడదు గదా. గొంతులో గరగర కూడా లేదు. మా నాయన దగ్గేవాడు, నేనూ దగ్గుతాండా. మీసం మాదిరి, తలగుడ్డ మాదిరి, అదొకటి.

మైదుకూరులో నేను పాపను ఒళ్లో పెట్టుకోని మురిసిపోతాంటే నువ్వు గోడకు ఆనుకోని చూస్తా ఉండేవాడివి. చూడు, నా కొడుకు ఎంత నిబ్బరం అనుకున్నా. నీ కూడు నీ ముందరే తింటా, నీకు ఆకలి లేదని నేనే పొగిడినా. నీ ప్రశ్నల జాబును పది మందిలో చదివి నవ్వించినా. దాన్ని మళ్లీ తీసి చదివినా. ఈ సారి నవ్వు రాలేదు.

భువనకు ఏం చెప్పాలో తెలియడం లేదు. కోడలి ముందర తల వంచినోడు మన వంశంలో లేడు. కానీ నేను చేసిన పని చేసినోడు మటుకు ఉన్నాడా? నేను కల్లూరు పోతాండా. ఓబుళేశన్ననూ రమ్మన్నా, ఎందుకో చెప్పలేదు. నిన్ను ముందు మెచ్చుకునింది ఆయనే గదా. పద్దెనిమిదో తేదీ ఆదివారం నువ్వు రా.

నాయన

*

మన ఊరు
20 ఆగస్టు 2024

నాయనా పరమేషా,

నువ్వు ఉన్నావు, చూసినావు. అయినా రాస్తాండా. ఎదురుగా ఉన్నప్పుడు నోరు పెగల్లేదు.

నువ్వు రాకముందు జరిగింది నీకు తెలియదు. భువన ముందర చేతులు కట్టుకోని నిలబడినా, అయ్యవారి ముందర లెక్క తప్పినోని మాదిరి. నా దగ్గు సంగతి, నీ జాబు సంగతి అంతా చెప్పినా. "కూర్చో మామా" అనలేదు. అంతా విని, నాకు వినపడేట్టు, "నన్ను తిట్టింది పది మంది ముందర గదా మామా. తప్పు ఒప్పుకునేది వంటింట్లోనా?" అనింది. నారాయణ నేల చూసినాడు. మీ అత్త అన్నం పెట్టింది, నేను చెయ్యి కడుక్కోని లేచినా.

ఆదివారం పొద్దున నుంచి మిరియాలు నములుతాండా, దగ్గు రాకూడదని. పాప నా ఒళ్లో, ఓబుళేశన్న నా పక్కన. నువ్వు గడప కాడ కనపడినావు. సరిగ్గా అప్పుడే మిరియం గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది, ఈసారి నిజం దగ్గు! నువ్వు ఒక అడుగు వెనక్కి వేసినావు. ఆ అడుగు చూసి నాకు చచ్చిపోయేంత సిగ్గయింది. ఇంత మనిషిని, మీసాలొచ్చినోణ్ని, గొంతుతో తరిమేస్తాండా.

ఒక చేత్తో నోటికి టవాలు అడ్డం పెట్టుకోని, ఇంకో చేత్తో పాపను నీ పక్క చాపినా. ఒంటి చేత్తో చాపితే జారదా? ముసలోనికి బుద్ధి ఎప్పుడొస్తాది! నువ్వు చెప్పులతోనే ఇంట్లోకి ఉరికొచ్చి పట్టుకున్నావు.

"ఏందిది శేషా, తండ్రి ముందరే!" అన్నాడు ఓబుళేశన్న. "అన్నా, నేనే ఇచ్చినా" అన్నా. "నువ్విస్తే మటుకు? వానికి సిగ్గుండొద్దా?" అన్నాడు. "ఆ సిగ్గుకే అన్నా, బిడ్డ నుదురు వాచింది" అన్నా. ఆయన చుట్ట వెలిగించుకోను బయటికి పోయినాడు.

పాప నీ గుండీ పట్టుకునింది. నువ్వు ఏడ్చినావు. మీ మామ ముందర, మీ అత్త ముందర, ముక్కు కారేట్టు ఏడ్చినావు. దాచేదేముంది, నాకు అప్పుడూ సిగ్గే అయింది. ఇన్నేండ్ల అలవాటు ఒక్క పూటలో యాడికి పోతాది? తల తిప్పుకోబోయినా. తిప్పుకోకుండా కూర్చున్నా, అంతే నేను చేసింది.

నువ్వు పాపను పట్టుకునేటప్పుడు నీ చెయ్యి నా చేతికి తగిలింది. వేళ్ల నిండా తీగ కోసిన గీతలు. నా కొడుకు చెయ్యి ఎట్లుంటాదో నాకు తెలియదని అప్పుడే తెలిసింది.

భువన తలుపు కాడ నిలబడి అంతా చూసింది. మైదుకూరికి ఎప్పుడొస్తావమ్మా అంటే, "ఎవరెవరికి చెప్పినావో వాళ్లందరికీ మళ్లీ చెప్పిరా మామా, తర్వాత చూద్దాం" అనింది. న్యాయమైన మాట. అందుకే ఈ కింద రాసుకుంటాండా. ఎవరైనా తప్పిపోయింటే నువ్వు గుర్తు చెయ్యి.

ఆదోనిలో శివలీల. కోడలికి భయం చెప్పమన్న మనిషి. కోడలి తప్పు లేదు, ఇది నీ అన్న దగ్గు చేసిన పని అని ముందు చెప్పాల. నవ్వుతాది. నవ్వనీ.

రాయచోటి ఈరప్ప. ఫోన్లో కుదరదు, బస్సు ఎక్కాల.

బసవరాజు. బంధువు కాడు గానీ ఆ అంగట్లో చెప్తే ఊరంతా చెప్పినట్టే. నీ ప్రశ్నల జాబు కూడా అక్కడే మళ్లీ చదువుతా, ఈసారి ఎవరినీ నవ్వనియ్యను.

మైదుకూరులో మీ మేడ మీదోళ్లు, కిందోళ్లు. పేర్లు తెలియవు. మెట్ల మీద నిలబడి చెప్తా, తిట్టింది ఆడనే గదా.

ఓబుళేశన్న. చూసినాడు గానీ చూడనట్టే ఉండాడు. మళ్లీ చెప్పాల.

మీ అమ్మ. నేను దాచిపెట్టిన జాబుతో సహా అన్నీ ఇప్పుడే చదివి వినిపిస్తా. ఈడ అరుగు మీద నుంచి కనపడతాండాది, బియ్యం ముందర కాళ్లు చాపుకోని కూర్చోని ఉండాది, పెదాలు కదులుతాండాయి. దగ్గకుండా లోపలికి పోతాండా.